పుస్తక ప్రచురణలో తొలి కొలువు – మూడో పాఠం: ప్రూఫు దిద్దడం

రాతప్రతి ప్రచురణకర్తకు అందినది మొదలు అచ్చుకు వెళ్లేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ఆ దారిలో ఎవరి పని ఏమిటో గత రెండు పాఠాల్లో చూశాం. ఈ పాఠంతో పనిలోకి దిగుతాం. తెలుగు ప్రచురణ సంస్థల్లో ఎక్కువ భాగం చిన్నవి. వాటిలో ప్రచురణకర్త, సంపాదకుడు, కొన్నిచోట్ల అమ్మకాల లెక్కలు చూసే మనిషి కూడా ఒకరే అయి ఉంటారు. అలాంటి చోట కొత్తగా వచ్చినవారికి రాతప్రతి అప్పగించి సంపాదకత్వం చేయమనరు, ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసేందుకు తీసే ప్రతులు, ఇచ్చి చూడమంటారు. ఆ ప్రూఫులు తిరిగి ఇచ్చిన తీరును బట్టే తరువాతి పని వస్తుంది కాబట్టి, సంపాదకులు కావాలనుకునేవారు ముందుగా ఈ విద్యను శ్రద్ధగా నేర్చుకోవాలి.

ఒక పుస్తకానికి సాధారణంగా రెండు మూడు ప్రూఫులు తీస్తారు. మొదటి ప్రూఫును రాతప్రతి పక్కన పెట్టుకుని వాక్యం వెంట వాక్యం పోల్చి చూడాలి. టైపు చేసేవారి చూపు ఒక పంక్తి మీది నుంచి మరో పంక్తి మీదికి జారినప్పుడు మధ్యలోని వాక్యమంతా ఎగిరిపోతుంది. మిగిలినది చదవడానికి సాఫీగానే ఉంటుంది కనుక, పోల్చి చూస్తే తప్ప ఆ లోటు బయటపడదు. రెండో ప్రూఫులో మొదట గుర్తించిన దిద్దుబాట్లన్నీ జరిగాయో లేదో చూడాలి, అవి జరిగిన పేరా మొత్తాన్ని మళ్లీ చదవాలి, ఎందుకంటే ఒక తప్పు సరిచేసేటప్పుడు పక్క మాటలో కొత్త తప్పు దొర్లడం ఈ పనిలో నిత్యం జరిగేదే. చివరి ప్రూఫులో పేజీ అంకెలు, విషయసూచిక, అధ్యాయాల పేర్లు, బొమ్మల కింది మాటలు సరిపోలుతున్నాయో లేదో చూస్తే చాలు.

చదివే పద్ధతిని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మంచి పాఠకుడికి మాటను మొత్తంగా పట్టుకుని అర్థం వైపు పరుగెత్తడం అలవాటు. ఆ అలవాటు వల్లనే తప్పు కంటబడదు. ప్రూఫు చూసేటప్పుడు చదువుతున్న పంక్తి కింద ఒక అట్టముక్క పెట్టుకుని, కింది పంక్తులు కనిపించకుండా చేసి, పెదవులు కదిలిస్తూ అక్షరం అక్షరం పలకండి. ఒకసారి అక్షరాల కోసం, మరోసారి అర్థం కోసం వేర్వేరుగా చదవండి. ఈ రెండు పనులనూ ఒకే చదువులో ముగించాలని చూస్తే రెండూ చెడతాయి. పెద్ద అక్షరాల్లో ఉండే శీర్షికలను మాత్రం విడిగా, చివరలో చూడండి. అక్కడ తప్పు ఉండదన్న నమ్మకంతో అందరూ దాటేస్తారు కనుక అట్ట మీది తప్పు అచ్చయ్యాక గానీ బయటపడదు.

ఇక అక్షరాల సంగతి. తెలుగు ప్రూఫుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ధ, థల తారుమారు. థకు కడుపులో చుక్క ఉంటుంది, ధకు ఉండదు. ఆ ఒక్క చుక్కతో మాట మారిపోతుంది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. కాబట్టి అర్ధరాత్రి, అర్ధచంద్రుడు చుక్క లేనివి. అర్థం నుంచి పుట్టిన విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, సమర్థుడు చుక్క ఉన్నవి. కథ, రథం, వ్యథ, వృథా, యథార్థం, ప్రథమం అన్నవాటిలో థ రావాలి. బాధ, విధి, సాధన, ప్రధానం అన్నవాటిలో ధ రావాలి. ఆ తరువాతి స్థానం ష్ట, ష్ఠలది. ఇష్టం, కష్టం, దృష్టి, సృష్టి అన్నవాటికి ట ఒత్తు. నిష్ఠ, ప్రతిష్ఠ, శ్రేష్ఠం, గరిష్ఠం అన్నవాటికి ఠ ఒత్తు. ఉచ్చారణను ఉచ్ఛారణ అనీ, మధ్యాహ్నాన్ని మధ్యాన్నం అనీ రాయడం కూడా తరచుగా చూస్తాం. సందేహం కలిగిన ప్రతి మాటనూ నిఘంటువులో చూసే అలవాటును మొదటి రోజు నుంచే చేసుకోండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో పలు నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు కాబట్టి దానికి పట్టే సమయం చాలా తక్కువ.

కంప్యూటరు తెచ్చిపెట్టిన తప్పులు వేరే జాతివి. చాలా ఏళ్లుగా తెలుగు పుస్తకాలను ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుతూ వచ్చారు. ఆ పాత ఫైళ్లను అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులూ పొల్లులూ చెదిరిపోవడం మామూలే. అలా మార్చిన పాఠాన్ని పునర్ముద్రణే కదా అని తేలికగా తీసుకోకుండా, పాత పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి ప్రూఫులాగే చూడాలి. యూనికోడ్‌లో మరో చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట పొల్లు, వే విడివిడిగా నిలవాలంటే వాటి నడుమ కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. అది జారిపోతే వ కాస్తా ఒత్తుగా మారి సాఫ్ట్వేర్ అని పడుతుంది. రాజ్‌కుమార్, ఫేస్‌బుక్ వంటి పేర్లలోనూ ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. మీ ముందున్న ప్రూఫులో ఇలా ఉందనుకోండి:

“రామయ్య ఆ రోజు మద్యాహ్నం కధ చెబుతూ దాని అర్ధం ఎవరికీ తెలియదన్నాడు. విద్యార్ధులు శ్రద్దగా విన్నారు. ఒక పిల్లవాడు మాత్రం ‘నాకు ఎరుకే, మా అవ్వ జెప్పింది’ అన్నడు.”

మద్యాహ్నం, కధ, అర్ధం, విద్యార్ధులు, శ్రద్దగా అన్న అయిదూ తప్పులే. వాటిని మధ్యాహ్నం, కథ, అర్థం, విద్యార్థులు, శ్రద్ధగా అని దిద్దాలి. దిద్దేటప్పుడు చుక్కనో ఒత్తునో మాత్రమే పంక్తిలో ఇరికించి వదలకండి. తెలుగు లిపిలో అలాంటి చిన్న గుర్తును టైపు చేసేవారు మరోలా చదివే ప్రమాదం ఉంది. తప్పుపడిన మాటను కొట్టివేసి, అదే పంక్తికి ఎదురుగా మార్జిన్‌లో సరైన మాటను పూర్తిగా, గుండ్రంగా రాయండి. పీడీఎఫ్ మీద పని చేస్తున్నా ఇదే పద్ధతి పాటించండి.

పిల్లవాడి మాటల దగ్గర మాత్రం కలం ఆపాలి. “ఎరుకే”, “జెప్పింది” అన్నవి తప్పులు కావు, అది ఆ పిల్లవాడి ఇంటి భాష. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు చేసే అతి పెద్ద అపచారం ఇక్కడే జరుగుతుంది. తెలంగాణ రచయిత “వచ్చిండు” అని రాస్తే, రాయలసీమ రచయిత “వచ్చినాడు” అని రాస్తే, వాటిని “వచ్చాడు” అని మార్చి తామేదో మేలు చేశామనుకుంటారు. ఏ జిల్లా నుడికారమైనా రచయిత ఎంచుకుని రాసినప్పుడు దానికి మరో ప్రాంతపు భాషను కొలబద్దగా పెట్టే అధికారం ప్రూఫులు చూసేవారికి లేదు. ఈ ఒక్క విషయంలో నేను ఎంతమాత్రం మెత్తబడను.

చివరి మాట “అన్నడు” సంగతి వేరు. అది పిల్లవాడి మాట కాదు, కథకుడిది. అదే కథకుడు పై వాక్యంలో “తెలియదన్నాడు” అన్నాడు. ఇది టైపు పొరపాటా, రచయిత కావాలని రాసినదా అన్నది ముందు రాతప్రతిలో చూడాలి. అక్కడా అలాగే ఉంటే మీరు దిద్దకూడదు, వదిలేయకూడదు. మార్జిన్‌లో ప్రశ్నార్థకం వేసి “పైన ‘అన్నాడు’ అని ఉంది, ఇక్కడ ‘అన్నడు’ ఉంచాలా?” అని మర్యాదగా రాయాలి. సంపాదకులు ప్రూఫు తిరిగి చేతికి తీసుకోగానే ముందుగా చూసేది ఇలాంటి ప్రశ్నలనే; దిద్దిన తప్పుల్లో ఓపిక కనిపిస్తుంది, అడిగిన ప్రశ్నల్లో వివేకం కనిపిస్తుంది.

వాళ్లు, వాళ్ళు, అయితే, ఐతే వంటి జంటల్లో రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏది వాడాలన్నది ఆయా సంస్థ నిర్ణయం. అడిగి తెలుసుకుని, ఒక కాగితం మీద అక్షరక్రమంలో రాసుకుని, పుస్తకం పూర్తయ్యేదాకా బల్ల మీద ఉంచుకోండి.

అచ్చు లెక్క కూడా కొంత తెలిసి ఉండాలి. డెమ్మీ 1/8 అనే సైజు (డెమ్మీ కాగితంలో ఎనిమిదో వంతు) పుస్తకంలో సాధారణంగా 16 పేజీలు ఒక ఫారం, అంటే ఒక కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్ట. 160 పేజీలకు సరిగ్గా పది ఫారాలు అవుతాయి. చివరి ప్రూఫులో రచయిత నాలుగు వాక్యాలు చేర్చడం వల్ల పాఠం 161వ పేజీలోకి పొర్లితే, ఆ ఒక్క పేజీ కోసం ఇంకొంత కాగితం, ఇంకొంత కూలి పెరుగుతాయి. అందువల్ల చివరి దశలో మాటలు చేర్చవలసి వస్తే, అదే పేజీలో అంతే చోటు ఎక్కడ ఖాళీ చేయవచ్చో కూడా సూచించండి. శీర్షిక పేజీ వెనుక ముద్రణ సంవత్సరం, వెల, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఐఎస్‌బీఎన్‌లో 13 అంకెలు ఉండాలి. వాటిని వరుసగా 1తోనూ 3తోనూ మార్చి మార్చి గుణించి కూడితే వచ్చే మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడాలి. అలా కాకపోతే ఏదో ఒక అంకె తప్పు పడిందని తెలుసుకోవచ్చు.

పని వెతుక్కునేటప్పుడు ఉత్త దరఖాస్తు పంపకండి. రెండు పేజీల పాఠం తీసుకుని, పైన చెప్పిన పద్ధతిలో దిద్ది, ప్రశ్నలు రాసి, దానిని జతచేయండి. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో ప్రచురణకర్తలు దుకాణాల్లో స్వయంగా కూర్చునే సందర్భాలు ఎక్కువ. రద్దీ లేని మధ్యాహ్నం వేళ వెళ్లి పలకరించండి. ప్రతిఫలం పేజీకి ఇంత అనో ఫారానికి ఇంత అనో మాట్లాడుకోవడం వాడుక. అది ఒక్క ప్రూఫుకా, అన్ని ప్రూఫులకూ కలిపా అన్నది పని మొదలుపెట్టక ముందే తేల్చుకోండి.

వచ్చే పాఠానికి అభ్యాసం ఇది. మీ దగ్గరున్న ఏదైనా తెలుగు పుస్తకం నుంచి నాలుగు పేజీలు మీరే టైపు చేయండి. ఒక రోజు ఆగి, ప్రింటు తీసి, మూలంతో పోల్చి మొదటి ప్రూఫు చూడండి. మరునాడు మూలం పక్కన పెట్టుకోకుండా అర్థం కోసం చదవండి. రెండో చదువులో దొరికిన తప్పులను వేరే రంగు సిరాతో గుర్తించి, అవి మొదటిసారి ఎందుకు తప్పించుకున్నాయో పక్కన రాసుకోండి. నాలుగో పాఠంలో వాక్య సంస్కరణ మొదలుపెడతాం, దానికి ఈ కాగితాలే కావాలి.