మోటోక్రాస్ ట్రాక్ మీదికి డ్యూయల్ స్పోర్ట్ బండి

ఎక్స్‌పల్స్ 200 లాంటి డ్యూయల్ స్పోర్ట్ బండి, అంటే రోడ్డు మీదా మట్టిలోనూ నడిచేది, దాదాపు 160 కిలోలు. మట్టి దిబ్బల ట్రాక్ మీద పందేలకే చేసిన అసలైన మోటోక్రాస్ బండి 110 చుట్టుపక్కల ఉంటుంది. దాని ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ అబ్జార్బర్ల జత) 300 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది, మనది 190 మాత్రమే. అందుకే డబుల్ జంపుల (వెంటవెంటనే ఉండే రెండు మట్టి దిబ్బల) మీద ఎగరొద్దు, చక్రాలు నేలకి ఆనించి దొర్లిస్తూ దాటండి. ఎగిరితే ఫోర్కు అడుగుకంటా కొట్టుకుని హ్యాండిల్ చేతుల్లోంచి జారుతుంది.

అద్దాలు, ఇండికేటర్లు ముందే విప్పేయండి. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించండి. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకి నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఆపే వీలుంటే ఆపండి. మొదటి రెండు రౌండ్లు మెల్లగా తిరిగి, ఆగి స్పోకులు తట్టి చూడండి: డొల్లగా మోగినది వదులైనట్టే.

స్నేహితులతో వెళ్తే అసలు చిక్కు జంపు అవతల. అక్కడ పడినవాడు వెనకొచ్చేవాడికి కనపడడు. వంతులవారీగా ఒకరు పసుపు జెండాతో అక్కడ నిలబడాల్సిందే, బద్ధకించకండి. మలుపులో లోపలి నుంచి దూరి స్నేహితుణ్ణి దాటడం సరదా కాదు, కాలు విరగ్గొట్టడం.

రోడ్డెక్కే ముందు గాలి మళ్ళీ నింపండి.