గ్యాస్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?
మన వైజాగ్‌లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ఏ మందుల షాపులో చూసినా 'గ్యాస్ మాత్ర ఇవ్వండి' అని అడుగుతుంటారు. ఆ పేరుతో వాడే మందులు ముఖ్యంగా రెండు రకాలు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో పేరు చివర 'ప్రజోల్' అని ఉంటే (పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి) అది కడుపులో యాసిడ్ తయారీనే తగ్గిస్తుంది. పొద్దున్నే టిఫిన్‌కి అరగంట ముందు నీళ్లతో మింగాలి, నమలకూడదు. మంట మొదలయ్యాక వేసుకుని వెంటనే తగ్గలేదంటే ఎలా? అది నిదానంగా పనిచేసే మందు.

రెండోది యాంటాసిడ్. ఉన్న యాసిడ్‌ని విరిచేస్తుంది కాబట్టి నిమిషాల్లో ఉపశమనం ఉంటుంది, కానీ ఎక్కువసేపు నిలవదు. సిరప్ అయితే తెల్లటి మడ్డి అడుగున పేరుకుంటుంది, బాగా కుదిపి తాగండి. థైరాయిడ్, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోవద్దు, అవి ఒంటికి సరిగా పట్టవు. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటల తేడా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా యాంటాసిడ్ ముట్టుకోకండి.

గుండెల్లో బరువుగా ఉండి చెమటలు పడుతుంటే మాత్రం దయచేసి గ్యాసే అనుకుని ఊరుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.