ఆఫీసులో వేధిస్తుంటే ఐసీకి కంప్లైంట్ ఎలా పెట్టాలి? బెంగళూరులో పనిచేసే మన ఆడవాళ్ళ కోసం

మారతహళ్ళి, బెల్లందూరు పీజీల్లో ఉండే మన అమ్మాయిలు చాలామంది అనేది ఒకటే, "హెచ్ఆర్‌కి చెప్పానండీ, మాట్లాడతాం అన్నారు". నోటిమాటగా చెప్తే చట్టం లెక్కలో కంప్లైంట్ పెట్టినట్టు కాదు. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన, అందరూ పోష్ అనే 2013 చట్టం ప్రకారం కంప్లైంట్ రాతపూర్వకంగా ఉండాలి, ఇలాంటి కంప్లైంట్లు విచారించడానికి ఆఫీసులో ఉండే ఇంటర్నల్ కమిటీకి (ఐసీ) చేరాలి, అదీ జరిగిన 3 నెలల్లోపు. చూద్దాం చూద్దాం అంటుంటే ఆ 3 నెలలూ అక్కడే కరిగిపోతాయి.

కాబట్టి ముందు రాసిపెట్టుకోండి, జరిగిన రోజే, ఫోన్ నోట్స్‌లో అయినా సరే. "మార్చి 12, సాయంత్రం ఆరున్నర, ఐదో ఫ్లోర్ ప్యాంట్రీ, నడుం మీద చెయ్యేశాడు, వద్దన్నా తీయలేదు, కాఫీ మెషీన్ దగ్గర ఫలానా ఆవిడ ఉంది", ఇలా. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు, రాయడానికి ఎంత ఇబ్బందిగా ఉన్నా అతను అన్న మాట అన్నట్టే రాయండి, రేపు విచారణలో అడిగేది అదే. చాట్‌లు డిలీట్ చేయకండి, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి సొంత ఫోన్లో దాచుకోండి, ఆఫీసు లాప్‌టాప్ ఎప్పుడైనా వెనక్కి తీసేసుకోవచ్చు.

చాలాసార్లు జరిగితే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. లేటయితే ఎందుకయిందో రాయండి, కారణం సరైనదనిపిస్తే కమిటీ ఇంకో 3 నెలలు గడువివ్వొచ్చు.

ఇక ఎవరికివ్వాలి. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట కమిటీ ఉండి తీరాలి, దానికి హెడ్ సీనియర్ మహిళే, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్ళు, ఒకరు బయటివాళ్ళు. అంతకంటే చిన్న చోటైతే, లేదా వేధించేది ఓనరే అయితే, జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వాలి, వివరాలు డీసీ (డిప్యూటీ కమిషనర్, అంటే మన కలెక్టర్) ఆఫీసులో అడగండి. హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ గార్మెంట్స్‌లో కుట్టేవాళ్ళకీ, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే అక్కలకీ, కాంట్రాక్ట్ హౌస్‌కీపింగ్‌కీ, ఇంటర్న్‌లకీ ఇదే చట్టం. కంపెనీ క్యాబ్‌లో జరిగినా పని చోట జరిగినట్టే. రాయడం రాదని ఆగిపోకండి, రాయడానికి సాయం చేయాల్సింది కమిటీ వాళ్ళే.

కంప్లైంట్ 6 కాపీలు, సాక్షుల పేర్లు, అడ్రసులు జతచేసి ఇవ్వండి, మీ దగ్గరుండే కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అందులోనే ఇంకో రిక్వెస్ట్ కూడా పెట్టండి, చాలామందికి ఇది తెలీదు: విచారణ అయ్యేదాకా అతన్ని గానీ మిమ్మల్ని గానీ వేరే చోటికి మార్చమనొచ్చు, మీ మామూలు లీవులు కాకుండా 3 నెలల దాకా లీవ్ అడగొచ్చు. రోజూ అతని పక్క సీట్లో కూర్చుని విచారణ ఎదుర్కోవాల్సిన ఖర్మ ఎవరికీ లేదు.

7 వర్కింగ్ డేస్‌లో కాపీ అతనికి వెళ్తుంది, జవాబుకి 10 వర్కింగ్ డేస్, మొత్తం విచారణ 90 రోజుల్లో అయిపోవాలి. లాయర్లు ఇద్దరికీ ఉండకూడదు. సరైన కారణం లేకుండా వరసగా 3 హియరింగ్‌లకి వెళ్ళకపోతే కేసు మూసేయొచ్చు, వెళ్ళండి. రాజీ మీరడిగితేనే, డబ్బుతో సెటిల్‌మెంట్ అసలు కుదరదు. "నిరూపించలేకపోతే నీ మీదే యాక్షన్" అని భయపెడతారు, నిరూపించలేకపోయినంత మాత్రాన అబద్ధపు కంప్లైంట్ కాదని చట్టంలోనే ఉంది.

"ఉద్యోగం ముఖ్యం, ఎందుకులే" అని ఇంట్లోవాళ్ళే అంటారు, వాళ్ళ భయం వాళ్ళది. కానీ ఈ చట్టం ఎవరో దయతలచి ఇచ్చింది కాదండీ. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తూ, ఆ పనిలో భాగంగా బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి మీద 1992లో గ్యాంగ్ రేప్ జరిగింది, ఆ తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెళ్తే 1997లో విశాఖ తీర్పొచ్చింది (ఊరు కాదు, కేసు వేసిన ఒక సంఘం పేరు విశాఖ), భారత్ 1993లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి మహిళా ఒప్పందాన్ని చూపించి, భద్రంగా పనిచేసుకోవడం ఆడవాళ్ళ ప్రాథమిక హక్కని కోర్టు చెప్పింది, ఆఫీసులు పాటించాల్సిన గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది. ఆ గైడ్‌లైన్సే 16 ఏళ్ళకి చట్టమయ్యాయి.

పోలీస్ కేసు పెట్టాలంటే కమిటీ తేల్చేదాకా ఆగక్కర్లేదు, లైంగిక వేధింపులకి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 75వ సెక్షన్ ఉంది, జరిగింది ఎక్కడైనా సరే, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, అర్జెంటయితే 112. కమిటీ రిపోర్టు చేతికొచ్చాక అన్యాయం అనిపిస్తే అప్పీలుకి 90 రోజుల టైముంది, రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, అది మీకివ్వాల్సిందే.