లైబ్రరీలో వీడియో స్ట్రీమింగ్ మొదలుపెడుతున్నారా? ముందు బిల్లు లెక్క చూడండి

పాఠకులకు లైబ్రరీ కార్డు మీద సినిమాలు, డాక్యుమెంటరీలు ఉచితంగా చూపించే సేవలు కనోపీ, హూప్లా లాంటివి ఉన్నాయి. చూసేవాళ్లకు ఉచితమే, బిల్లు మాత్రం లైబ్రరీకి వస్తుంది. అదీ చాలావరకు ఎంత వాడితే అంత. అంటే సేవ ఎంత బాగా నచ్చితే ఖర్చు అంత పెరుగుతుంది! పుస్తకం అలా కాదు, ఒకసారి కొంటే ఎందరు చదివినా అదే ధర. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, బ్రూక్లిన్, క్వీన్స్ లైబ్రరీలు 2019లో కనోపీని ఆపేసింది ఈ ఖర్చు భరించలేకే.

అందుకే ఒప్పందం రాసుకునేటప్పుడే ఒక్కో కార్డుకు నెలకు ఎన్ని వీడియోలో పరిమితి పెట్టించండి. మొత్తం మీద నెలవారీ గరిష్ఠ ఖర్చు కూడా తేల్చుకోండి. మొదట్లో పరిమితి తక్కువగా ఉంచి, వాడకం చూసి పెంచడం మేలు. ఇచ్చింది తర్వాత తగ్గిస్తే జనం ఊరుకోరు మరి.

మామూలు నెట్‌ఫ్లిక్స్ ఖాతా తీసుకుని పాఠకులకు పాస్‌వర్డ్ ఇచ్చేద్దాం అనుకోవద్దు. అది సొంత ఇంటి వాడకానికే అని వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

ఇంకోటి: కార్డుదారు ఇంట్లో చూసుకోవడానికి ఉన్న అనుమతి, లైబ్రరీ హాల్లో అందరికీ తెర మీద వేయడానికి సరిపోకపోవచ్చు. బహిరంగ ప్రదర్శన హక్కులు ఏ సినిమాకు ఉన్నాయో ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.