ఆక్సోలాటల్‌లు జతకు సిద్ధమయ్యాయని ఎలా తెలుసుకోవాలి?

కప్ప ఎదిగిందంటే తోక పోతుంది, కాళ్లొస్తాయి, ఎవరు చూసినా తెలిసిపోతుంది. ఆక్సోలాటల్‌ అలా కాదు. మెక్సికో సిటీ దగ్గరి షోచిమిల్కో కాలువల్లో పుట్టిన ఈ ఉభయచర జీవి (సాలమాండర్‌ రకం, చూడ్డానికి బల్లిలా ఉంటుంది) తల పక్కన కుచ్చుల్లాంటి మొప్పలతో, చిన్నప్పటి రూపంలోనే ఉండి, నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. కాబట్టి వయసొచ్చిందా లేదా అన్నది మనమే దగ్గరగా చూసి తేల్చుకోవాలి.

మా ఇంట్లోవి రెండూ ఆడవేనని అమ్మినవాళ్లు చెబితే నమ్మి ఒకే ట్యాంక్‌లో పెంచాం. పదకొండో నెలలో ఒక ఉదయం చూస్తే మొక్కల నిండా గుడ్లు. ఆడది పక్కటెముకలు కనిపించేలా చిక్కిపోయింది. మళ్లీ కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. గుడ్లు పెట్టగలగడం వేరు, పెట్టి తట్టుకోగలగడం వేరు. ఆ తేడా అప్పుడే తెలిసింది.

1. ముందు ఆడా మగా తేల్చుకోండి

వెనక కాళ్ల వెనుక, తోక మొదట్లో చూడండి. మగదానికి అక్కడ రెండు వైపులా ఉబ్బు కనిపిస్తుంది. ఆడదానికి ఆ చోటు దాదాపు చదునుగా ఉంటుంది, పొట్ట మాత్రం గుండ్రంగా ఉంటుంది. ఎనిమిది నెలల నుంచి ఏడాది లోపు చాలా మగవాటిలో ఈ ఉబ్బు వచ్చేస్తుంది. కొన్నింటికి ఏడాదిన్నర దాకా రాదు. అందుకే ఉబ్బు లేదు కదా అని ఆడదని రాసేసుకోకండి. అనుమానం ఉన్నన్నాళ్లూ విడివిడిగా ఉంచడమే మంచిది.

2. పొడవు కొలవండి

చేత్తో పట్టుకోవద్దు, వాటి చర్మం చాలా సున్నితం. ట్యాంక్‌ అద్దం బయట స్కేలు అతికించి, ఆక్సోలాటల్‌ అద్దం వారగా ఆనుకుని పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక చివరి దాకా చూడండి. కనీసం 18 సెంటీమీటర్లు ఉండాలి. ఆడది అయితే 20 దాటేదాకా ఆగితే ఇంకా నయం.

3. నెలలు లెక్కపెట్టండి

ఆరు నెలల నుంచి ఏడాది లోపే చాలావాటికి జత కట్టే శక్తి వస్తుంది. ఏడాది దాటి, ఆరోగ్యంగా ఉంటే మగదాని గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. ఆడదాని సంగతి వేరు. ఒక్క విడతలో వంద నుంచి వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. ఆ సత్తువంతా దాని ఒంట్లోంచే పోవాలి. ఇంకా ఎదుగుతున్న ఆడదానికి ఆ భారం పెడితే ఎదుగుదలే దెబ్బ తింటుంది. పద్దెనిమిది నెలలు నిండేదాకా ఆగండి.

పుట్టిన తేదీ తెలియకపోతే పొడవు, ఒంటి పుష్టి చూసి నిర్ణయించుకోవాలి. పై నుంచి చూస్తే పొట్ట వెడల్పు తల వెడల్పుకు సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. వానపాములు ఇస్తే వెంటనే అందుకోవాలి. మొప్పల కుచ్చులు నిండుగా ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా ఈసారికి వదిలేయండి.

4. వంశం కనుక్కోండి

1864లో మెక్సికో నుంచి ప్యారిస్‌కు వెళ్లిన కొద్దిపాటి ఆక్సోలాటల్‌లు మరుసటి ఏడాది అక్కడ గుడ్లు పెట్టాయి. ఇప్పుడు ట్యాంకుల్లో ఉన్న చాలావాటికి మూలం అవే. అసలే దగ్గరి రక్తం కాబట్టి ఒకే ఈతలో పుట్టినవాటిని జత కట్టించకూడదు. వివరాలు తెలియని జంటనూ వద్దనే అంటాను.

5. నీళ్లు, చట్టం

నీళ్లు 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. 24 దాటితే అవి బతకడానికే ఇబ్బంది పడతాయి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో నీళ్లను చల్లబరిచే చిల్లర్‌ లేకుండా జత ఆలోచనే పెట్టుకోవద్దు. ఇవి అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్‌ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవులు. మన దేశంలో పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్‌ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పిల్లలు పుట్టినా తెలపాలి. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకైతే పెంచడమే నిషేధం.

6. కలిపాక ఏం చూడాలి

అడుగున బల్లపరుపు రాళ్లు, పైన మొక్కలు ఉంచి, సాయంత్రం రెండింటినీ కలపండి. తెల్లారేసరికి రాళ్ల మీద చిన్న శంకువుల్లాంటి జిగురు ముద్దలు, కొసన తెల్లటి చుక్కతో కనిపిస్తే మగది తన పని చేసినట్టే. ఆ ముద్దల్లోని వీర్యాన్ని ఆడది తోక మొదట్లోని రంధ్రం ద్వారా ఒంట్లోకి తీసుకుంటుంది, కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో గుడ్లు మొదలవుతాయి. పెద్దవి గుడ్లను తినేస్తాయి కాబట్టి పెట్టడం అయిపోగానే వేరు చేయండి.

రెండు మూడు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటికి రోజూ బతికున్న, రొయ్యల్లాంటి అతి చిన్న బ్రైన్‌ ష్రింప్‌ పిల్లలు కావాలి. లేకపోతే ఒకదాని కాళ్లు ఒకటి కొరుక్కుంటాయి. ఎన్నింటిని సాకగలరో ముందే లెక్క వేసుకుని, ఎక్కువైన గుడ్లను మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఫ్రీజర్‌లో పెట్టి ఎదగకుండా ఆపేయండి. ఆడదాన్ని మగదానికి దూరంగా పెట్టి, కడుపునిండా వానపాములు ఇస్తూ, కనీసం ఆరు నెలలు మళ్లీ కలపకండి.