తల్వార్ శ్రేణి యుద్ధనౌకను ఫొటో చూసి గుర్తుపట్టడం ఎలా?

నౌకాదళం వార్త ఏది వచ్చినా పక్కన ఓ యుద్ధనౌక ఫొటో ఉంటుంది. వార్తలో ఉన్న నౌకే ఫొటోలోనూ ఉందా అన్నది మాత్రం చాలాసార్లు అనుమానమే. పేరు ఒకదానిది, బొమ్మ ఇంకోదానిది అయిపోతుంది. కాస్త ఓపిగ్గా చూస్తే ఆ తేడా ఎవరైనా పట్టుకోగలరు. నేర్చుకోవడానికి తల్వార్ శ్రేణి ఫ్రిగేట్లతో (డిస్ట్రాయర్ కన్నా చిన్న యుద్ధనౌకలతో) మొదలుపెట్టమంటాను. రష్యా మన నౌకాదళం కోసం వీటిని మూడు విడతల్లో కట్టి ఇచ్చింది. ఒక్కో విడతలో ఏం మారిందో డెక్ మీదే కనిపిస్తుంది.

ముందుగా ఆ విడతల సంగతి తెలిసి ఉండాలి. 1997 నవంబర్‌లో కుదిరిన ఒప్పందంతో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని బాల్టీస్కీ జవోద్ షిప్‌యార్డులో తల్వార్, త్రిశూల్, తబర్ తయారయ్యాయి. మొదటి రెండూ 2003 జూన్‌లో, తబర్ 2004 ఏప్రిల్‌లో నౌకాదళంలో చేరాయి. 2006 ఒప్పందంతో కాలినిన్‌గ్రాడ్‌లోని యాంతర్ షిప్‌యార్డు తేగ్, తర్కశ్, త్రికంద్‌లను కట్టింది. అవి 2012, 2013లలో వచ్చాయి. అదే యార్డు నుంచి 2024 డిసెంబర్ 9న తుషిల్, 2025 జులై 1న తమాల్ చేరాయి. సుమారు 125 మీటర్ల పొడవు, 4,000 టన్నుల దగ్గర బరువు, 30 నాట్ల (గంటకు సుమారు 55 కిలోమీటర్ల) వేగం అన్నింటికీ దాదాపు ఒకటే.

మొదటి మెట్టు: పక్కనున్న నంబర్ చదవండి

ఇది అన్నిటికన్నా తేలిక. ఓడ పక్క గోడ మీద ముందువైపు ఇంగ్లిష్ అక్షరం ఎఫ్, దాని వెంట రెండంకెలు పెద్దగా రాసి ఉంటాయి. తల్వార్ 40, త్రిశూల్ 43, తబర్ 44, తేగ్ 45, తర్కశ్ 50, త్రికంద్ 51, తుషిల్ 70, తమాల్ 71. అక్షరం డి అయితే అది డిస్ట్రాయర్, మన లెక్కలోకి రాదు. మధ్యలో ఉన్న 47, 48, 49 మాత్రం శివాలిక్ శ్రేణికి చెందిన శివాలిక్, సాత్పురా, సహ్యాద్రిలవి. వాటి గురించి వెంటనే చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది తడబడేది అక్కడే.

రెండో మెట్టు: నంబర్ కనిపించకపోతే మొత్తం ఆకారం చూడండి

శివాలిక్ శ్రేణి ముంబైలోని మజగావ్ డాక్‌లో తయారైంది. తల్వార్ డిజైన్ అనుభవం దాని వెనక ఉంది కాబట్టి, ముందు నుంచి తీసిన ఫొటోలో రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అందుకే చూపు వెనక్కి తిప్పాలి. తల్వార్ వెనక భాగంలో ఉన్న హ్యాంగర్, అంటే హెలికాప్టర్‌ను ఉంచే గది, ఒక్క హెలికాప్టర్‌కే సరిపోతుంది. శివాలిక్‌లో రెండు హెలికాప్టర్లకు చోటుంది కాబట్టి ఆ గోడ వెడల్పుగా కనిపిస్తుంది. శివాలిక్ పొడవు కూడా ఎక్కువే, 142 మీటర్ల పైమాట.

కొత్త నీలగిరి శ్రేణితో అంత ఇబ్బంది లేదు. దాని స్తంభం మీద నాలుగు వైపులా పలకల్లాంటి రాడార్లు అతికించినట్టు ఉంటాయి. తల్వార్ ప్రధాన స్తంభం పైన మాత్రం గుండ్రంగా తిరిగే పెద్ద రాడార్ కనిపిస్తుంది.

విశాఖ బీచ్ నుంచి చూసేవాళ్లకు ఇక్కడో మాట. తల్వార్ శ్రేణి ముంబై కేంద్రంగా ఉన్న పశ్చిమ నౌకాదళానికి చెందింది. విశాఖలో మామూలుగా కనిపించే ఫ్రిగేట్లు శివాలిక్ శ్రేణివి. 2025 ఆగస్టు 26న నీలగిరి శ్రేణికి చెందిన ఉదయగిరి, హిమగిరి కూడా అక్కడే నౌకాదళంలో చేరాయి. కాబట్టి ఆర్కే బీచ్ ఎదురుగా ఫ్రిగేట్ కనిపించగానే తల్వార్ అనుకోవద్దు. 2016లో, 2022లో జరిగినటువంటి ఫ్లీట్ రివ్యూలప్పుడు (నౌకలన్నీ బారులు తీరే ప్రదర్శనలప్పుడు), విన్యాసాలప్పుడు అయితే పశ్చిమం నుంచి కూడా నౌకలు వస్తాయి. బీచ్ నుంచి చూడడానికి బైనాక్యులర్స్ చాలు. నౌకాదళ ప్రాంతాల దగ్గర ఫొటోలు నిషేధమని బోర్డు ఉంటే కెమెరా బయటకు తీయకండి.

మూడో మెట్టు: ఫిరంగికీ బ్రిడ్జికీ మధ్య ఉన్న డెక్‌ను చదవండి

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. బ్రిడ్జి అంటే ఓడను నడిపే గది. ఓడ కొస నుంచి నెమ్మదిగా వెనక్కి రండి. మొదట 100 మిల్లీమీటర్ల ఫిరంగి. దాని వెనక కొంచెం ఎత్తులో ఒంటి చెయ్యి ఎత్తి పట్టుకున్నట్టుండే లాంచర్ కనిపిస్తే, అది మొదటి ఆరు నౌకల్లో ఒకటి. ఆ చేతి పేరు 3ఎస్90. విమానాలను కూల్చే ష్టిల్ క్షిపణులు 24 దాని కింద గదిలో ఉంటాయి. ఒక్కో క్షిపణి కింద నుంచి పైకి వచ్చి ఆ చేతికి ఎక్కుతుంది, చెయ్యి లక్ష్యం వైపు తిరుగుతుంది, అప్పుడు ప్రయోగిస్తారు. ఒకటి వెళ్లాక రెండోది ఎక్కాలి. ఒకేసారి అనేక క్షిపణులు దూసుకొచ్చే రోజుల్లో ఆ కాస్త ఆలస్యం కూడా ప్రమాదమే.

తుషిల్, తమాల్‌లలో ఆ చెయ్యి లేదు. 24 ష్టిల్ క్షిపణులు ఇప్పుడు డెక్‌లోనే నిలువు గొట్టాల్లో ఉంటాయి, దేని మూత అది తెరుచుకుంటుంది. ఫొటోలో మీకు కనిపించేది ఫిరంగి వెనక చదునైన చోటు మాత్రమే. చెయ్యి ఉంటే పాతది, లేకపోతే కొత్తది. ఈ ఒక్క గుర్తు పెట్టుకున్నా సగం పని అయిపోయినట్టే.

ఇంకా వెనక ఎనిమిది పెద్ద క్షిపణుల నిలువు గదులున్నాయి. మొదటి మూడు నౌకల్ని రష్యా క్లబ్ క్షిపణులతో కట్టారు, తేగ్ నుంచి బ్రహ్మోస్ వచ్చింది. మూతలు మూసి ఉంటే ఫొటోలో ఈ తేడా తేల్చడం కష్టం, దాని కోసం కళ్లు చికిలించుకోవద్దు. బ్రిడ్జి ముందు పన్నెండు గొట్టాల ఆర్‌బీయూ-6000 అన్నింటిలోనూ ఉంటుంది. జలాంతర్గాముల మీదికి రాకెట్లు వేసేది అదే.

నాలుగో మెట్టు: హ్యాంగర్ పక్కలకు రండి

మొదటి ఆరింటిని రెండుగా విడదీసేది ఇదే. తల్వార్, త్రిశూల్, తబర్‌లను కష్తాన్‌తో, అంటే దగ్గరికొచ్చేసిన క్షిపణుల్ని కూల్చే ఆయుధంతో, కట్టారు. రెండు ఫిరంగులు, వాటిపైన క్షిపణి గొట్టాలు, రాడార్ అన్నీ ఒకే దిమ్మ మీద కలిసి ఉంటాయి కాబట్టి అది బరువుగా, గజిబిజిగా కనిపిస్తుంది. తేగ్, తర్కశ్, త్రికంద్‌లలో ఆ స్థానంలో అదే పని చేసే ఏకే-630 ఫిరంగి ఉంది. చిన్న గుండ్రటి టోపీ లాంటి కప్పు, ముందుకు పొడుచుకొచ్చిన ఒక్క గొట్టాల కట్ట, అంతే.

ఐదో మెట్టు: రష్యా నౌకతో పొరబడకండి

చెయ్యి లేని డెక్ కనిపించగానే తుషిల్ అని రాసేయొద్దు. రష్యా తన నల్లసముద్ర నౌకాదళం కోసం ఇదే డిజైన్‌తో అడ్మిరల్ గ్రిగొరోవిచ్ శ్రేణి కట్టుకుంది. అక్షరం లేకుండా మూడంకెల నంబర్ ఉంటే అది రష్యాదే. అసలు తుషిల్, తమాల్ కూడా ఆ నౌకాదళం కోసమే మొదలైన ఓడలు. వీటి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని జోర్యా-మష్‌ప్రోయెక్త్ సంస్థవి. 2014లో క్రిమియా ఆక్రమణ తర్వాత ఉక్రెయిన్ వాటిని రష్యాకు ఇవ్వడం ఆపేసింది. ఇంజిన్లు లేక ఆ ఓడలు యార్డులోనే నిలిచిపోయాయి. 2018లో మన దేశం వాటిని తీసుకునేలా ఒప్పందం చేసుకుని, ఇంజిన్లు ఉక్రెయిన్ నుంచి తానే కొని యాంతర్‌కు అప్పగించింది. ఒకరితో ఒకరు తెగదెంపులు చేసుకున్న రెండు దేశాల పనితనం ఒకే ఓడలో కలిసి మన దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆరో మెట్టు: వార్త తేదీతో సరిపోల్చండి

2008 నవంబర్ 18న ఏడెన్ సింధుశాఖలో తబర్ ఒక పడవను ముంచేసింది. సముద్రపు దొంగల ప్రధాన పడవ అని ముందు వార్తలు వచ్చాయి. అది దొంగలు పట్టుకున్న థాయ్ చేపల పడవ అనీ, దానిలో బందీలైన జాలర్లు ఉన్నారనీ తర్వాత బయటపడింది. ప్రాణాలు పోయిన అలాంటి కథనం పక్కన కనీసం ఫొటో అయినా సరైనది ఉండాలి కదా. ఆ వార్తకు చెయ్యి లేని నౌక ఫొటో పెడితే అది తప్పు, ఎందుకంటే 2008లో ఈ శ్రేణిలో అలాంటిది మన దగ్గర ఒక్కటీ లేదు.

ఇదే శ్రేణిలో ఇంకో రెండు గోవా షిప్‌యార్డులో తయారవుతున్నాయి. త్రిపుట్ 2024 జులైలో, తవస్య 2025 మార్చిలో నీటిలోకి దిగాయి. దిగడమంటే నౌకాదళంలో చేరినట్టు కాదు, ఆ తర్వాత అమరికకు, పరీక్షలకు చాలా కాలం పడుతుంది. కాబట్టి ఆ ఫొటోలు చూసేటప్పుడు డెక్ మీద ఆయుధాలు బిగించారా లేదా అన్నది ముందు చూసి, ఆ తర్వాతే పై మెట్లకు రండి.