క్యాంపస్‌లో పాలస్తీనా సంఘీభావ సభ: హైదరాబాద్ విద్యార్థులకు పనికొచ్చే వివరాలు

గాజాలో యుద్ధం ఆపించమని డీన్‌ని అడిగితే ఆయన చేతిలో ఏముంది? సభకు పిలిచే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: మన యూనివర్సిటీ తన చేతుల్తో చేయగలిగిన పని ఏది అడుగుతున్నాం? అమెరికాలో 2024 ఏప్రిల్‌లో కొలంబియా విద్యార్థులు గుడారాలు వేసి, యూనివర్సిటీ నిధుల్ని ఇజ్రాయెల్‌తో ముడిపడ్డ కంపెనీల నుంచి తీసేయమన్నారు. అక్కడి ప్రైవేటు యూనివర్సిటీలకు షేర్లలో పెట్టిన పెద్ద నిధులు ఉంటాయి కాబట్టి ఆ డిమాండుకు అర్థం ఉంది. ఉస్మానియాకో హెచ్‌సీయూకో దాన్ని అలాగే అతికిస్తే నవ్వులపాలవుతాం. ఇక్కడ అడగదగ్గవి వేరు: ఇజ్రాయెల్ సంస్థలతో కుదిరిన ఒప్పందాల ప్రతులు బయటపెట్టడం, పాలస్తీనా విద్యార్థులకు ఇంటినుంచి డబ్బు ఆగిపోతే ఫీజులో, మెస్ బకాయిలో గడువివ్వడం, లైబ్రరీకి పుస్తకాలు తెప్పించడం. రెండు డిమాండ్లు చాలు. పన్నెండు రాస్తే ఒక్కటీ చదవరు.

తేదీ సంగతి. మార్చి 30 భూమి దినం. 1976లో భూముల స్వాధీనానికి వ్యతిరేకంగా లేచిన ఇజ్రాయెల్‌లోని అరబ్ పౌరుల్లో ఆరుగురు ఆ రోజు ప్రాణాలు కోల్పోయారు. మే 15 నక్బా దినం, అంటే 1948లో పాలస్తీనీయులు ఇళ్లు వదిలి నిర్వాసితులైనదాన్ని గుర్తుచేసుకునే రోజు. నవంబర్ 29 ఐక్యరాజ్యసమితి 1977లో ప్రకటించిన సంఘీభావ దినం. మే నెలలో హాస్టళ్లు సగం ఖాళీ, ఎండ సరేసరి. నవంబర్ చివర సెమిస్టర్ పరీక్షల హడావిడి. కొత్తగా చేసేవాళ్లకు మార్చి 30 సాయంత్రం ఐదున్నర నయం. రంజాన్ నెల పడితే ఇఫ్తార్ వేళ చూసుకుని ముందుకో వెనక్కో జరపండి.

అనుమతి పత్రం కనీసం పది రోజుల ముందు స్టూడెంట్స్ వెల్ఫేర్ డీన్‌కి చేరాలి. నకలు రిజిస్ట్రార్‌కి, ఇంకొకటి చీఫ్ సెక్యూరిటీ ఆఫీసర్‌కి. అందులో తేదీ, వేళ, స్థలం, వక్తల పేర్లు, ఎంతమంది వస్తారు, మైకు ఉందా లేదా, బాధ్యత తీసుకునే ఇద్దరు విద్యార్థుల ఐడీ నంబర్లు ఉండాలి. శీర్షిక ‘పాలస్తీనా: అంతర్జాతీయ చట్టం, మానవ హక్కులు’ అన్నట్టు ఉంటే ఫైలు కదులుతుంది. ‘మహా ధర్నా’ అని రాస్తే అక్కడే ఆగుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. ఈ ముద్ర లేకే చాలా సభలు ఆగిపోతాయి, ఎందుకంటే ముందురోజు సాయంత్రం ‘మాకు లెటరే అందలేదు’ అంటారు. జవాబు రాకపోవడం అనుమతి కిందికి రాదు. నాలుగో రోజు మెయిల్‌తో గుర్తుచేయండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, తర్వాత హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చినా పనికొచ్చేది ఆ కాగితమే. 2025 మార్చిలో ఓయూ రిజిస్ట్రార్ క్యాంపస్‌లో నిరసనల మీద ఆంక్షలతో సర్క్యులర్ ఇచ్చారు. అలాంటివి మీ దగ్గర ఏమేం ఉన్నాయో ముందే చదవండి. బయటి వక్త ఉంటే పేరు, బండి నంబరు ముందురోజే మెయిన్ గేట్‌కి ఇవ్వండి. లేకపోతే ఆయన గేటు దగ్గరే నిలబడి ఫోన్లు చేస్తూ ఉంటాడు.

విద్యాసంస్థ చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం కిందికి వస్తుంది. లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది దాటితే ఆరుబయట అసలే కుదరదు. అరవై మంది కోసం హాలు దొరికితే ఈ తలనొప్పి తప్పుతుంది.

ఇక కరపత్రం. అసలు శ్రమ పెట్టాల్సింది దీని మీదే. వక్త మాట్లాడింది గాలిలో పోతుంది, మెస్‌లో చేతికిచ్చిన కాగితం గదికి చేరుతుంది. ఏ4 కాగితం సగానికి కోస్తే ఏ5 రెండు వస్తాయి, అంటే 150 కాగితాలకు 300 కరపత్రాలు. తెలుగు ఒకవైపు, ఇంగ్లిష్ లేదా ఉర్దూ రెండోవైపు. అక్షరం 12 పాయింట్లకు తగ్గొద్దు. డీటీపీ షాపుల్లో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. మీ యూనికోడ్ మాటర్ వాట్సాప్‌లో పంపితే ఒత్తులు ఊడి, డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, ఒక్క కాపీ తీయించి చదివాకే మిగతావి.

అందులో ఏం రాయాలి? ఇండియా 1947లో ఐరాసలో విభజన ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటేసింది. 1974లో పీఎల్‌వోను (పాలస్తీనా విమోచన సంస్థ), 1988లో పాలస్తీనా దేశాన్ని గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమిత ప్రాంతాల్లో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. 2023 అక్టోబర్ 7న హమాస్ నడిపిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఇది వదిలేస్తే మొదటి ప్రశ్నే దాని మీద వస్తుంది, మిగతా కాగితాన్నీ ఎవరూ నమ్మరు. గాజా మృతుల సంఖ్య రాసేటప్పుడు తేదీ, ఎవరి లెక్కో రెండూ ఉండాలి: 2025 అక్టోబర్ నాటికి గాజా ఆరోగ్య శాఖ లెక్క 67,000 దాటింది.

ఫొటోల దగ్గరే ఎక్కువగా బోల్తా పడతారు. సిరియా బొమ్మలు గాజావని తిరిగాయి. 2024 మేలో కోట్ల మంది పంచుకున్న రఫా గుడారాల బొమ్మ ఏఐతో చేసింది. ప్రతి ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికి, పాతది ఎప్పటిదో చూశాకే గోడకెక్కించండి. పిల్లల శవాల ఫొటోలు మెస్ దారిలో పెట్టకండి, జనం మొహం తిప్పుకుని పోతారు.

జెండాలో పైనుంచి కిందికి నలుపు, తెలుపు, ఆకుపచ్చ, కర్ర వైపు ఎర్ర త్రికోణం. త్రికోణం ఆకుపచ్చ వేసి, చారలు ఎరుపు, తెలుపు, నలుపు చేస్తే సూడాన్ జెండా అవుతుంది, ఎర్ర త్రికోణంలో తెల్ల నక్షత్రం పెడితే జోర్డాన్‌ది. బ్యానర్‌కి ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ముతక నూలు బట్ట చాలు. రెండు వరుసలే రాయండి, వరుసల మధ్య ఖాళీ వదలండి, తెలుగులో గుడులు, ఒత్తులు రెండువైపులా చోటు తింటాయి. పోస్టర్ కలర్‌లో కొంచెం ఫెవికాల్ కలిపితే రంగు పాకదు. హాస్టల్ గోడలకు మాస్కింగ్ టేప్ వాడండి. మైదా జిగురు పెడితే పెయింట్ లేచి జరిమానా మీ పేరున పడుతుంది.

నినాదాలు ముందే కాగితం మీద రాసుకుని, మైకు ఇద్దరికే ఇవ్వండి. ‘ఆకలిని ఆయుధం చేయొద్దు’, ‘గాజాపై దాడులు ఆపాలి’ లాంటివి చాలు. సాయుధ సంస్థల జెండాలు, నాయకుల బొమ్మలు, యూదుల్ని మతంగా తిట్టే మాట ఒక్కటి కూడా రాకూడదు. అది తప్పు, పైగా భారతీయ న్యాయ సంహిత 196 కింద కేసు పెట్టడానికి దారి. 2024 మొహర్రం ఊరేగింపుల్లో ఉత్త పాలస్తీనా జెండా పట్టినందుకే కొన్ని రాష్ట్రాల్లో కేసులయ్యాయి.

పదిహేను మందికి ఒక వాలంటీర్. సెక్యూరిటీతో మాట్లాడేది ఒక్కరే. ఫోన్ అడ్డంగా పట్టుకుని ఆపకుండా వీడియో తీసేది ఇంకొకరు. లాయర్ నంబరున్న మనిషి సభలో కాకుండా గదిలో ఉండాలి. ఎదుటి గుంపు వచ్చి అరిస్తే తిరిగి అరవకండి, మైకు ఆపి వాలంటీర్లని మధ్యలో నిలబెట్టండి. రేపు రిపోర్టులో ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాసే అవకాశం ఇవ్వొద్దు. పోలీసులు తీసుకెళ్తే కారణం చెప్పాలి, మీవాళ్లకు కబురివ్వాలి, అరెస్టయితే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. గేటు బయట రోడ్డు మీద కూర్చుంటే లెక్క పూర్తిగా మారుతుంది. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 163, అంటే పాత 144 కింద, సిటీ పోలీస్ యాక్ట్ సెక్షన్ 22 కింద నిషేధాజ్ఞలు ఉన్నాయేమో కనుక్కోకుండా దిగకండి.

విదేశీ విద్యార్థుల్ని, ముఖ్యంగా పాలస్తీనా వాళ్లని, వేదిక మీదికి లాగొద్దు, ఫొటోల్లో చూపొద్దు. 2020లో సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) నిరసనల వల్ల బెంగాల్‌లో ఇద్దరు విదేశీ విద్యార్థులకు దేశం విడిచి వెళ్లమని నోటీసులొచ్చాయి. డబ్బు కూడా వసూలు చేయకండి. ఇవ్వాలనుకున్నవాళ్లని యూనిసెఫ్ లాంటి సంస్థల సొంత పేజీకి పంపండి.

‘మన దగ్గర సమస్యల్లేవా?’ అని ఒకరు తప్పక అడుగుతారు. 2025 జులైలో బాంబే హైకోర్టు ధర్మాసనం కూడా ఈ ధోరణిలోనే మాట్లాడింది. దానికి హైదరాబాద్ జవాబు ఒకటుంది: అదానీ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి హెర్మెస్ 900 డ్రోన్ల కోసం 2018 డిసెంబర్‌లో కర్మాగారం తెరిచింది ఈ ఊళ్లోనే. అంతవరకే చెప్పండి. ఆ పైన ఏం చెప్పాలన్నా చేతిలో కాగితం ఉండాలి.

సభ అయ్యాక చేయాల్సింది సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. హెచ్‌సీయూ, ఇఫ్లూ, మనూ కేంద్ర సంస్థలు, ఉస్మానియా రాష్ట్రానిది, కాబట్టి దరఖాస్తు, అప్పీలు వెళ్లే చోట్లు వేరు. ‘ఎందుకు ఒప్పందం చేసుకున్నారు?’ అని అడిగితే తిప్పి పంపుతారు, ఎందుకంటే చట్టం ఇచ్చేది ఉన్న రికార్డునే. ‘2014 నుంచి ఇజ్రాయెల్ యూనివర్సిటీలతో, కంపెనీలతో కుదిరిన ఎంవోయూల (అవగాహన ఒప్పందాల) ప్రతులు, గడువు, అందిన మొత్తం’ అని అడగండి. సెక్షన్ 8(1)(ఎ) విదేశీ సంబంధాలనో, 8(1)(డి) వాణిజ్య రహస్యమనో నిరాకరిస్తే, రహస్యం కాని భాగాన్ని విడదీసి ఇవ్వమని సెక్షన్ 10 చూపిస్తూ ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. దరఖాస్తు ఫైనలియర్ విద్యార్థి పేరు మీద పెట్టకండి. రెండో అప్పీలు విచారణకు వచ్చేసరికి ఆ విద్యార్థి క్యాంపస్‌లో ఉండడు.